కిలో పెంకు ఎంత?

ఫిషింగ్ హార్బర్ వెనక పాత ఐసు ఫ్యాక్టరీకి
కొత్త పేరు పెట్టారు.
గేటు మీద నీలం అక్షరాలు, లోపల గాజు గదులు,
కాఫీ మిషను, చక్రాల కుర్చీలు.
హుద్‌హుద్ ఎత్తుకుపోయిన రేకుల చోట
ఆకాశం కనపడే అద్దం వేశారు.
ఎన్ని పూతలు పూసినా
మే నెల మధ్యాహ్నం అమోనియా వాసన
ఎక్కణ్ణించో వచ్చి పలకరిస్తుంది,
ఇల్లు ఖాళీ చెయ్యని పాత కాపురస్తుడిలా.

రెండో అంతస్తులో మూడో బల్ల నాది.
పదకొండేళ్ళు యూనివర్సిటీ కొండ మీద
రొయ్య పెంకుల్ని ఆమ్లంలో నానబెట్టి, క్షారంలో ఉడకబెట్టి
ఉల్లిపొర లాంటి ఒక పొర తీశాను.
గాయం మీద వేస్తే నెత్తురు ఆగుతుంది.
ఆ సంగతి నాకు తెలుసు, మా గైడుకు తెలుసు,
నల్ల అట్ట వేసుకున్న థీసిస్‌కు తెలుసు.
దాన్ని తొలిచిన చెదపురుగుకు
అందరికంటే లోతుగా తెలుసు.

"మీ కస్టమర్ ఎవరు?" అన్నాడు మెంటారు.
"గాయపడినవాళ్ళు" అన్నాను.
అతను నవ్వలేదు.
"గాయపడినవాడు కొనడు మేడం,
వాడి కోసం ఎవరు కొంటారో చెప్పండి."

రెండొందల మిల్లీలీటర్ల బీకరులో ఒదిగిన విద్య
ఐదొందల లీటర్ల డ్రమ్ములో తిరగబడింది.
నురగ పొంగి, మెట్లు దిగి,
కింద డ్రోన్లు చేసే కుర్రాళ్ళ చెప్పులు తడిపింది.
ఒక వారం పొర గాజులా, మరో వారం నానిన కాగితంలా.
మూడు నెలలు గ్రాఫులు గీశాను.
వేడిని అనుమానించాను, నీటిని అనుమానించాను,
ఆఖరికి నా పదకొండేళ్ళనీ.

పెంకుల బుట్ట దించడానికొచ్చిన సూరాడ నూకరత్నం
బొటనవేలితో ఒక పెంకు నలిపి, ఇంకోటి నలిపి,
"ఒలమ్మ, టైగరూ ఎనామీ కలిపీసినారేటి?
ఇది పెటపెటలాడతాది, ఇది ఒంగతాది.
రెండూ ఒక్కపాలి ఉడుకుతాయేటి?
డ్రమ్ములో ఒక్కసారే కుమ్మరించీసి
పొంగిపోనాదంటే ఎలగ?
పప్పు పొంగితే ఏటి సేత్తావు ఇంటికాడ?"

ముప్పై ఏళ్ళు షెడ్డులో రొయ్యలు వలిచిన వేలు.
ఉప్పు కోసిన గీతలు, పసుపు అద్దిన చీలికలు.
నా బల్ల మీద ఏ మీటరుకూ
అంత సన్నని ముల్లు లేదు.

ఆ తర్వాత పొర నిలకడగా వచ్చింది.
"కోసుకున్న సోట ఓ ముక్క ఎయ్యమ్మా" అంది.
ఇంకా అనుమతి రాలేదన్నాను.
అనుమతి దేనికో అడగలేదు,
చీరకొంగు చింపి కట్టుకుంది.

పేటెంటు ఫారం వచ్చింది.
ఆవిష్కర్తల పేర్లకు మూడు గీతలు.
మొదటిది నాది, రెండోది గైడుది.
మూడో గీత మీద పెన్ను ఆగింది.
"నీ పేరు రాయనా నూకరత్నం?"
"పేరేటి సేసుకుంటాను, రేషన్ కార్డులో ఉంది కదా.
నిన్నటిదాకా ఊరికే పారబోసీవోలం ఈ పెంకు.
రేపు మీరు అమ్ముతారంట.
కిలో ఎంతో రాయి.
తేదీ ఏసి మరీ రాయి."

గాజు గోడ పక్కన తెల్లబోర్డు.
కరెంటు, రసాయనాలు, జీతాలు, అద్దె, ప్యాకింగు.
ముడిసరుకు ఎదురుగా సున్నా,
నా చేతిరాతే.
మొన్న పెట్టుబడిదారులు ఆ సున్నా దగ్గరే
తలలూపి చప్పట్లు కొట్టారు.

వేలితో చెరిపాను.
పూర్తిగా పోలేదు, గుండ్రంగా మరక మిగిలింది.
వేలికి నలుపంటింది.
నాలుగంటానా, తొమ్మిదంటానా,
ఎంతంటే ఈ గది నిలబడుతుంది,
ఎంతంటే ఆమె నిలబడుతుంది?

కింద జెట్టీ దగ్గర బోటు కూత.
ఖాళీ బుట్ట నెత్తినెట్టుకుని
లిఫ్టు ఎక్కని నూకరత్నం
మెట్ల దగ్గర వెనక్కి తిరిగింది.
"రాసినావా?"