నీళ్లేవి?

యాంకో గారు ఈ ఆదివారమూ వచ్చారు
పద్దెనిమిదో నంబరు ట్రాము దిగి,
జేబు నిండా వేయించిన పొద్దుతిరుగుడు గింజలతో.
ఆయన కొడుకూ నేనూ విడిపోయి ఆరేళ్లు.
సోఫియా నగరం మొత్తంలో ఆ సంగతి మరిచిపోయినవాడు
ఆయనొక్కడే.
"వాడింకా రాలేదా?" అంటారు బూట్లు విప్పుతూ.
"దారిలో ఉన్నాడు" అంటాను.
అబద్ధమేం కాదు,
ఎక్కడో ఒక దారిలో ఉండే ఉంటాడు.

ముప్పై ఒక్క ఏళ్లు త్రిగ్రాద్ గుహలో
జనానికి దారి చూపిన మనిషి.
నది అరుచుకుంటూ కొండ నోట్లోకి దూకేస్తుంది అక్కడ.
పైకి రావాలంటే మూడు వందల ఒక్క మెట్లు.
నా పేరు పోయింది,
భార్య పోయిందన్న సంగతి కూడా పోయింది,
మెట్ల లెక్క మాత్రం పోలేదు.
మా మూడో అంతస్తు దాకా యాభై నాలుగు ఎక్కి
గాల్లో కాలు ఎత్తి పట్టుకుని అడుగుతారు:
"మిగతావి?"

పొద్దున్నే ఒక మాత్ర.
మంచు కరగకముందే తలొంచుకుని పూసే
కోకిచే పువ్వులోంచి ఒకప్పుడు మావాళ్లు తీసిన మందు.
మొదట్లో గట్టిగానే పట్టుకుంది ఆయన్ని.
ఇప్పుడు వేళ్లు సడలుతున్నాయి.

నా పనికి పొయ్యి లేదు, గాజుగొట్టం లేదు,
చేతికి మరకైనా అంటదు.
తెర మీద ఒక ఎంజైము, దాని నడుమ ఇరుకు లోయ,
లోయ అడుగున ఒక కత్తెర.
నరం నుంచి నరానికి కబురు మోసే అణువును
అందిన వెంటనే తుంచేస్తుంది.
ఆ కత్తెర నోట్లో ఏదో ఒకటి ఇరికించాలి,
కాసేపైనా.

అందుకని నలభై లక్షల అణువులు,
ఒక్కటీ ఇంకా లోకంలో పుట్టనివి,
రాత్రంతా ఒక్కొక్కటే లోయలోకి దూకుతాయి.
కంప్యూటరు మార్కులు వేస్తుంది, మైనస్ అంకెల్లో.
ఎంత కిందికి పోతే అంత గొప్ప.
(ఈ లెక్కన నా కాపురం ఫస్టు క్లాసు.)
తెల్లారేసరికి కొండవీటి చాంతాడంత జాబితా.

దూకించే ముందు ఒక అలవాటు ఉంది.
ప్రొటీను చుట్టూ ఉన్న నీళ్లన్నీ తీసేస్తాం,
ఫొటో దిగే పిల్లాడికి చెప్పినట్టు
కదలకు అంటాం.
లెక్క తేలికవుతుంది. అందరూ చేసేదే.

మార్చిలో, మణికట్టుకు ఎరుపూ తెలుపూ దారం కట్టుకుని,
నా భుజం మీంచి తొంగి చూశారు యాంకో గారు.
"ఇదే గుహ?"
"చాలా చిన్నది. వెంట్రుక మందంలో నలభై వేలో వంతు."
ఆశ్చర్యపోలేదు.
"ఇరుకు గుహకు ఎక్కువ మర్యాద ఇవ్వాలి" అన్నారు.
గింజలు నమలడం ఆపి
చాలాసేపు చూసి,
పాత గైడు గొంతుతో:
"నీళ్లేవి?"

నేను మాట్లాడలేదు.
"లోపలికెళ్లిన దుంగ బయటికి రాదు.
దాన్ని రాయి పట్టుకుందనుకుంటారు జనం.
నీరు పట్టుకుంటుంది, పిల్లా, నీరు."

ఆ రాత్రి నీళ్లన్నీ తిరిగి పోశాను.
ప్రొటీనును ఊపిరి పీల్చుకోనిచ్చాను.
మూడు వారాలు గదిలో యంత్రం రొద.
జాబితాలో మొదటిది మొదటి గంటలోనే కొట్టుకుపోయింది.
రెండు వందల పన్నెండోది నిలిచింది,
నాలుగు వలయాల మొద్దు అణువు, ఎవరి కంటికీ ఆననిది.
దానికీ గోడకూ మధ్య
చెరో చెయ్యి పట్టుకుని
ఒకే ఒక్క నీటి అణువు.

ఇక దాన్ని ఎవరో నిజంగా వండాలి.
తర్వాత ఎలుకలు, తర్వాత మనుషులు, పన్నెండేళ్లు,
ఆ చివర "పని చేయలేదు" అనే ఒక్క వాక్యం ఉండొచ్చు.
యాంకో గారి దగ్గర పన్నెండేళ్లు లేవు.
ఇది ఆయనకు చెప్పలేదు.
చెప్పినా నాకే మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

ఈ ఆదివారం గ్లాసు ఖాళీ చేసి
మూతి తుడుచుకుని అడిగారు:
"చల్లగా ఉన్నాయి. కొండ నీళ్లా?"
కుళాయివే.
అవునన్నాను.