ఆరినాక

యర్రగుంట్ల రైలుగేటు దాటినాక
ఎడమ పక్క మూడో షెడ్డు నాది.
నాపరాళ్ళ పాలీషు ఫ్యాక్టరీ అని బోర్డు.
మొదటి అక్షరం, 'నా', రంగు రాలిపోయి
రెండేళ్ళయింది.
పెయింటర్ని పిలవాలనుకుంటూనే ఉండా.

మిషను కిందనుంచి బయటికొచ్చే బండ
తడిగా, నిగనిగా, నేరేడుపండు మాదిరి ఉంటుంది.
బేరగాళ్ళు వచ్చే వేళకు
ఓబులమ్మ పైపు పట్టుకుని సిద్ధంగా నిలబడేది.
ఇది మోసం కాదురా, అందరూ చేసేదే,
పెళ్ళిచూపులకు పౌడరు లాంటిది
అని మా నాయన చెప్పేవాడు.
నేనూ చెప్పేవాణ్ణి.

లెక్కల పుస్తకానికీ అట్లే
నీళ్ళు కొట్టుకుంటా వచ్చినా.
బెంగళూరు కాంట్రాక్టరు ఇవ్వాల్సిన
నాలుగు లక్షల అరవై వేలు
ప్రతి ఉగాదికీ కొత్త పుస్తకంలో
పసుపుబొట్టు కిందనే, మొదటి పద్దు.
ఆ మనిషి ఫోనెత్తక మూడు ఉగాదులు.
దస్తగిరి కళ్ళజోడు పైనుంచి చూసి
"ఇది కూడానా?" అనేవాడు.
"రాయి" అనేవాణ్ణి.
మా వ్యాపారంలో ఆ మాటకు రెండర్థాలు,
రెండూ బరువే.

కరెంటు బిల్లును తిట్టినా.
లారీ బాడుగల్ని, వానల్ని, ఎన్నికల్ని,
షెడ్డు మూసేసి పోయిన పక్కోణ్ణి
గుండె లేనోడని తిట్టినా.
గుజరాతు టైల్సు ఒక మోజప్పా,
నాలుగుసార్లు జారి పడితే
జనమే మళ్ళీ బండకాడికి వస్తారు
అని టీకొట్టు కాడ ఉపన్యాసాలిచ్చినా.
ఇచ్చి ఇంటికి పోయి
మేడమీద కొత్తగదిలో చెప్పులు విప్పితే
కాళ్ళ కింద తెల్లగా, చల్లగా
గుజరాతు.
అది వేరేలే, ఇంట్లోవాళ్ళ ముచ్చట
అనుకుని పడుకునేవాణ్ణి.
నిద్ర కూడా బాగానే పట్టేది.

పోయిన బేస్తవారం మధ్యాహ్నం కరెంటు పోయింది.
మిషన్లు ఆగినా చెవుల్లో మోత ఆగదు.
ప్రొద్దుటూరు నుంచి వస్తామన్నోళ్ళు రాలేదు.
వాళ్ళకోసం తడిపి పెట్టిన బండలు
గోడకానుకుని ఊరికే ఆరుతున్నాయి.
నేరేడుపండు పోయి
బూడిదరంగు తేలింది.
ఓబులమ్మ ఒకదాని ముందు గొంతుక్కూచుని
వేలు పెట్టి చూపించింది:
"ఈడ చూడు సామీ.
అంతా ఆరినా ఈ గీత ఆర్లే.
నీళ్ళు పగుల్లోకి దిగినాయి.
తడిమీద ఉన్నెప్పుడు కనపడదు ఇది."
మెటికతో ఒకటి కొట్టింది.
మంచి బండయితే గంట మాదిరి పలకాల.
ఇది దబ్బుమంది.

ఇరవై రెండేళ్ళుగా నాకొచ్చిన విద్యే అది.
రాళ్ళమీద తప్ప
ఎక్కడా వాడలేదు.

ఆ రాత్రి పుస్తకం ముందరేసుకుని
ఒక్కో పద్దునూ మెటికతో కొట్టి చూసినా.
బెంగళూరు బాకీ: దబ్బు.
వస్తుందన్న స్కూలు టెండరు: దబ్బు.
పెట్టుబడి పెడతానన్న బావమరిది:
శబ్దమే రాలేదు.
బ్యాంకు అప్పు ఒక్కటే
ఖంగుమని పలికింది.
చాలాసేపు పలుకుతానే ఉండింది.

శుక్రవారం పొద్దున ఆరుగుర్నీ పిలిచినా.
రాత్రంతా కూడబెట్టుకున్న మాటల్లో
గొంతు దాటినవి కొన్నే.
రెండు మిషన్లు అమ్మేస్తాండా.
ఇంక ముగ్గురికే పని.
ఎవరనేది నేను చెప్పలేను, అన్నా.
అదీ ఒక తప్పించుకోవడమేనని
అంటా ఉండగానే తెలిసింది.
పేర్లు చెప్పినా.

మౌలాలి నేలవంక చూసినాడు.
పేర్లలో లేని ఓబులమ్మ
కొంగుతో చేతుల దుమ్ము తుడుచుకుంది.
"మాకు పోయినేడే తెల్సు సామీ.
నీకు తెలిస్తే తట్టుకోలేవని
మేమే నీళ్ళు కొడతా వచ్చినాం."

ఎవరూ నవ్వలేదు.
నేను నవ్వాలని చూసినా, రాలేదు.

"శనివారం కూలి ఉండాది గదా?" అన్నాడు మౌలాలి.
ఉంటుందిలే అనబోయి
నోరు మూసుకున్నా.
గల్లాపెట్టె తెరిచి, వాళ్ళ ముందరే,
ఒక్కో నోటూ తీసి బల్లమీద పెట్టినా.
మధ్యలో లెక్క తప్పితే మళ్ళీ మొదట్నుంచి.
ఆరుగురికీ సరిపోయింది.
పాలీషు దుమ్ము పట్టిన నోట్లు.
ఆరినవి.