పదకొండో గది

ఆరె నది ఒడ్డున జైలు.
పదకొండో గదిలో పాత పెచ్చులు గీకేసి
రంగు కలుపుతున్నాడు ఆల్బిన్.
తెలుపు బకెట్లో నాలుగు చుక్కల ఎరుపు.
కర్రతో తిప్పితే
పాలల్లో కుంకుమ జారినట్టు
ముందు చారలు, తర్వాత సిగ్గు.

"పావుగంట చాలట," అన్నాడు వార్డరు,
"ఈ రంగు మధ్య కూచోబెడితే
ఎంతటివాడికైనా పిడికిలి వదులవుతుందట."
ముప్పయ్యేళ్ళుగా గోడలతోనే ఆల్బిన్ కాపురం.
గోడ మాట విన్న మనిషిని
ఒక్కణ్ణీ చూడలేదు.

ఇంట్లో వాళ్ళ తాత ఫొటో ఒకటుంది.
ఆరు నెలల బిడ్డ, నడుముకి పట్టు రిబ్బను.
ఫొటోలో అది బూడిద రంగే.
వెనకవైపు పెన్సిలుతో ముత్తవ్వ రాసుకుంది:
"గులాబీ. మగపిల్లాడు కదా!"
ఎరుపు సిపాయిదైతే
ఎరుపు కన్న పిల్ల సిపాయి కొడుక్కే.
నీలం మేరీమాతది, ఆడపిల్లలకి.
లెక్క సరిపోయింది. ఎవరూ నవ్వలేదు.

ఆ తాత తమ్ముడు లెయోంజ్
బెర్లిన్ వెళ్ళాడు, నాటకశాలలో బృందగానానికి.
అక్కడొక మగవాణ్ణి ప్రేమించాడు.
చారల చొక్కా మీద
అదే రంగు గుడ్డ,
మూడు మూలలు, మొన కిందికి.
కుట్టింది ఎవరో, సూది ఎవరిచ్చారో
తిరిగొచ్చాక కూడా ఇంట్లో ఎవరూ అడగలేదు.
పెరట్లో తెల్ల గులాబీలు ఉంచి
తక్కినవి వేళ్ళతో సహా పీకేసేవాడట.

మొన్న జూన్‌లో జూరిక్ వీధిలో
ఒక కుర్రాడు, బుగ్గల నిండా మెరుపుపొడి,
ఆల్బిన్ పనిముట్ల పెట్టె మీద
ఆ త్రికోణాన్నే అంటించి పోయాడు.
మొన పైకి.
గీకడం వచ్చినవాడే. గీకలేదు.

మనవడు మాత్రం చెల్లెలి బూట్లు చూసి
"ఛీ, ఆడరంగు" అంటాడు.
"ఎవరు చెప్పార్రా?"
"అందరికీ తెలుసు."
ఐదేళ్ళవాడి "అందరికీ" ఎంత పెద్దదో!

రెండో పూత ఆరాక
మొదటి ఖైదీని తెచ్చారు, చేతికి కట్టుతో.
చుట్టూ చూశాడు. కప్పు చూశాడు.
"స్ట్రాబెర్రీ ఐస్‌క్రీమా?" అన్నాడు.
కాసేపాగి, మెల్లగా,
"రాత్రి లైటు తీసేస్తారా?"

వార్డరు ఆల్బిన్ వైపు చూశాడు,
అది రంగులవాడు చెప్పాల్సిందన్నట్టు.
ఆల్బిన్ తూము దగ్గర బ్రష్షు కడుగుతున్నాడు.
మొదటి నీళ్ళు చిక్కగా,
తర్వాత ఉల్లిపొర రంగులో,
ఆ తర్వాత
ఇంకా పిండుతూనే ఉన్నాడు.