పంటు నిండలేదు

వలందర రేవు దాటి మెయిన్‌ రోడ్డెక్కే మలుపులో
ఆరడుగుల కొట్టు నాది.
ఆ ఏడు కంపెనీ వాళ్ళే వచ్చి బోర్డు కట్టి వెళ్ళారు:
నీలం, నారింజ, ఆకుపచ్చ పలకలు,
అడుగున చీమంత అక్షరాల్లో
గంగాచలం సెల్‌ పాయింట్‌.

సేల్స్‌ కుర్రాడు టై కట్టుకుని వచ్చాడు ఏలూరు నుంచి.
"రెండు దార్లున్నాయండి లోకంలో, ఇది మూడోది" అన్నాడు.
చెమటకి టై మెడకి అతుక్కుపోయింది పాపం.
నేను నమ్మాను.
నమ్మక చస్తానా,
ఆ ఫోను వేలు తగిలితే నీళ్ళలా జారేది,
కింద పడితే దెబ్బ నేలకే.

మొదటిది కరుణమ్మగారు కొన్నారు, లేసు అల్లే మనిషి.
తెరమీద పలకలు చూసి
"మా గళ్ళే కదరా ఇవి,
కలిపి కుట్టడమొక్కటే తరువాయి" అన్నారు.
ఆ కెమెరాలో దారం పోగులు లెక్కపెట్టుకోవచ్చు.
ఫొటో దివ్యంగా వచ్చేది.
పంపడమే.
ఏజెంటు వాడే యాప్‌ అందులో లేదు.
"వచ్చే నెల వస్తుందండి" అన్నాను,
కుర్రాడు నాకు చెప్పిన మాటే,
టై లేకుండా.

ముప్ఫై కౌంటు రొయ్య రేటెంతో
చెరువు కాపలావాడికి తెలిసేది పొద్దున్నే.
ఇరవై వేల ఫోనున్న నరసరాజుగారు
వాణ్ణి అడిగి తెలుసుకునేవారు.
బ్యాంకుది రాలేదు. గ్యాసుబండది రాలేదు.
పిల్లల ఆట ఒకటి వచ్చింది,
పిల్లలు దాన్ని మర్చిపోయాక.

రాత్రి షట్టరు దించి పంటెక్కుతాను,
ఇల్లు అవతల, సఖినేటిపల్లి.
బళ్ళు నిండేదాకా సరంగు అప్పలకొండ తాడు విప్పడు.
విప్పడని తెలిసి జనం టీకొట్టు దగ్గరే ఉంటారు.
జనం అక్కడే ఉన్నారని అతను విప్పడు.
ఒక రాత్రి అలా చూస్తూ చూస్తూ ఉంటే తట్టింది:
కొనేవాళ్ళు టీకొట్టు దగ్గర,
యాప్‌లు రాసేవాళ్ళూ టీకొట్టు దగ్గర,
పంటు మాత్రం దీపాలన్నీ వెలిగించుకుని
ఒడ్డున.

అప్పలకొండకి చెప్పాను.
ఇంజను తుడుస్తూ విన్నాడు.
"ఖాళీగా నాలుగు ట్రిప్పులేస్తే జనానికి అలవాటవుద్దండి.
ఎయ్యలేదా ఆళ్ళు?"
వేశారు. నాలుగు కాదు, ఏళ్ళ తరబడి,
పీపాలకు పీపాలు డీజిలు పోసి.
"మరేటండి?"
రేవు మార్చారయ్యా.
పాత ఫోనుకి కొత్తది ఎక్కదన్నారు.
కట్టిన మెట్లు వదిలేసి
దిగువకి పోయి కొత్త మెట్లు కట్టారు.
సంచులు పట్టుకున్నవాళ్ళు పాత మెట్లమీదే నిలబడి ఉన్నారు.
కొందరు పరిగెత్తి వెళ్ళేసరికి
అవీ వదిలేశారు.
అప్పలకొండ గుడ్డ పిండాడు.
"గోదారి మారిస్తే ఒప్పుకుంటాం.
మధ్యన ఈళ్ళెవరండీ?"

వలందులు కూడా ఓడలేసుకుని వచ్చారట ఇక్కడికి.
ఏం అమ్మారో, ఎందుకు పోయారో నాకు తెలీదు.
రేవుకి పేరు మిగిలింది.
వీళ్ళ బోర్డు మా కోళ్ళగూటికి కప్పయింది,
నీలం వెలిసిపోయింది,
నారింజ ఇంకా ఉంది.

మొన్న ముసురులో కరుణమ్మగారు ఆ ఫోను తెచ్చారు.
"ఇందులో నా డిజైన్లున్నాయి, తీసిపెట్టు."
చార్జరు పెట్టగానే వెలిగింది, ఏ అలకా లేకుండా.
వాతావరణం పలక గిర్రున తిరిగి చూపించింది:
ఏదో డిసెంబరు, ఇరవై ఎనిమిది డిగ్రీలు,
ఎండ.
కొట్టు చూరునుంచి వాన కారుతోంది.
ఆవిడ గొడుగు ముడిచి
ఒక్కో ఫొటో జరుపుతూ
"ఈ గులాబీ నేనే అల్లానా" అన్నారు.
"కెమెరా మటుకు..." అని ఆగారు.
నేనేం అనలేదు.
చార్జరు పిన్ను వదులైపోయింది,
ఒక వాటంగా ఒత్తి పట్టుకుంటేనే వెలుగుతుంది.
పట్టుకున్నాను.
మూడొందల పన్నెండు ఫొటోలు.