డెబ్బై ఒకటో స్లీపరు

మా ఏటి మీద రైలుబ్రిడ్జికి పదకొండు కండ్లు.
రైల్వేవాళ్ళు దానికి నంబరేసుకున్నారు.
మేం కండ్లకట్ట అనేవాళ్ళం.

పాపాగ్ని ఏడాదికి పది దినాలు పారితే గొప్ప.
మిగతా దినాలన్నీ ఆ కండ్లు
ఇసకనే చూస్తా ఉండేవి.
మూడో కంటి కింద చెలమ మాది.
నాలుగోది సాకలి గంగులమ్మ వాళ్ళది.
ఆరో కంటి నీడలో మధ్యాన్నం గొర్రెలు,
గొర్రెల పక్కనే తుండుగుడ్డ పరిచి
బారాకట్ట ఆడే ముసిలోళ్ళు.
పైన గూడ్సు పోతే
గవ్వలు వాటంతటవే దొర్లేవి.
ఆ పందెం చెల్లుతుందా చెల్లదా అని
గూడ్సు కమలాపురం చేరేదాకా కొట్లాట.

మా అబ్బ కీమాన్ ఉసేనప్ప
పొద్దున్నే సుత్తితో ఇనుమును పలకరించుకుంటా పోయేవాడు.
"గట్టి బోల్టు ఖంగుమంటాది మే,
వదులైంది ముక్కుతో మాట్లాడతాది."
నాకు అంకెలొచ్చింది బళ్ళో కాదు.
ఆయన వేలు పట్టుకొని
సందుల్లోంచి కనబడే లోతుకు కాళ్ళు వణుకుతా
ఒగటి, రెండు, మూడు...
అవతలి గట్టుకు నూటా నలభై రెండు.
సగానికి డెబ్బై ఒకటి.
అక్కడ నిలబెట్టి, జోబీలోంచి
ఇంత బెల్లం ముక్క నా నోట్లో పెట్టేవాడు.
అది కరిగేలోపల గట్టు వచ్చేది.

ఆ కార్తీకంలో
నెల్లూరి దిక్కున సముద్రానికి కోపమొచ్చిందంటే
మాకేమిలే అనుకున్నాం.
సముద్రం చూసినోడు మా ఊర్లో ఒక్కడూ లేడు.
మొదటి దినం వానకు దండం పెట్టినాం.
రెండో దినం చెనిక్కాయ కుప్పల మీద పట్టలు కప్పినాం.
మూడో రాత్రి, పైన ఏదో చెరువు తెగిందన్నారు,
ఏరు లేచి నిలబడింది.

కండ్లు ఒకటొకటే మూసుకున్నాయి.
కూలడమంటే పెద్ద చప్పుడనుకుంటాం.
కాదు.
నడిమి కంబం
చానా దూరం నడిచొచ్చిన మనిషి మాదిరి
మెల్లగా నీళ్ళలో కూర్చుంది.
పట్టాలు మాత్రం తెగలేదు,
స్లీపర్లతో సహా గాల్లో ఊగుతా ఉన్నాయి
ఎవరో పాపను దించి మరిచిన ఊయల లాగ.

నడుంలోతు నీళ్ళలో, గొంగడి కప్పుకొని
అబ్బ తెల్లారేదాకా ఎర్రలాంతరు ఊపినాడు,
రెండుంబావు మెయిలు కోసరం.
మెయిలు రాలేదు.
సాయంత్రమే దాన్ని యర్రగుంట్లలో ఆపేసినారని
ఆయనకు చెప్పాల్సిన తీగ
అప్పటికే ఏట్లో ఉంది.

రాని రైలును ఆపినోడికి
బిళ్ళ ఎవరిస్తారు?
నెల దాటినాక కాగితమొచ్చింది:
సుత్తి ఒకటి, పానా ఒకటి, పటాసుల డబ్బీ ఒకటి
ఏటిపాలు చేసినందుకు
జీతంలో పదకొండు రూపాయల నాలుగణాలు కోత.
"కంటికొక రూపాయి," అన్నాడు అబ్బ.
ఆ నాలుగణాలు దేనికో
సచ్చేదాకా ఆలోచిస్తానే ఉన్నాడు.

జేజికి ఇంకో తిప్ప.
పాసింజరు చప్పుడుకు ఎసరు పెట్టి
గూడ్సు చప్పుడుకు పిండి పోసే మనిషి.
ఆ ఏడాదంతా మా ఇంట్లో సంగటి
ఒకనాడు మాడింది, ఒకనాడు పచ్చిగా దిగింది.
ఎవ్వరం ఏమీ అనలేదు.

కొత్త బ్రిడ్జి మైలు పైన కట్టినారు, సిమెంటుది.
దాని మీద రైలు
చెప్పులు చేత పట్టుకొని పోతాది.
పాతదానివి నాలుగు మొండాలు మిగిలినాయి.
ఇసక ట్రాక్టర్లు వాటిని చుట్టుకొని పోతాంటాయి.

పోయిన ఎండాకాలం మునిమనవరాలికి
మా చెలమ జాగా చూపిద్దామని పోయినా.
చెలమ లేదు. ఇసకే లేదు.
తోడేసిన గుంతలో ఒక చెక్క బయటపడి ఉంది,
బొగ్గు మాదిరి నలుపు, రెండు బోల్టు బెజ్జాలు.
"ఇది ఎన్నోది అవ్వా?"
డెబ్బై ఒకటి, అన్నా.

నాకెట్ల తెలుస్తాది?
చెయ్యి మాత్రం అప్పుటికే
కొంగుముడిలో బెల్లం వెతుకుతా ఉండింది.