భుజానికి ఇంకా తెలీదు

వాల్పరైసోలో ఇల్లు చేరడమంటే మెట్లెక్కడమే.
మా గుమ్మానికి నూట అరవై రెండు.
రొట్టె కొనడం మర్చిపోతే మళ్లీ అన్నీ.
ఇరవై రెండేళ్లు ఆ మెట్లు
మూడున్నర కిలోల సంచితో ఎక్కాను:
ఒక పెద్ద కెమెరా, రెండు లెన్సులు,
మూడోది, ఎందుకైనా మంచిదని.

"ఎందుకైనా మంచిది" అన్న మాటని తూకం వేస్తే
తొమ్మిది వందల గ్రాములు.

డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి
ఏం మోస్తారు మీరు, చేపల బుట్టలా, అంది.
ఫొటోలు అన్నాను.
వాటికి బరువుంటుందా అని నవ్వి
మాత్రలు రాసింది.

గ్రిమాల్దో కొట్లో అమ్మేశాను.
సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు
అద్దాలన్నీ దీపం కింద తిప్పి తిప్పి చూశాడు.
చెప్పిన ధరకి బేరమాడలేదు నేను.
బదులుగా తెచ్చుకున్నది కోటు జేబులో పడుతుంది.
ఒకటే లెన్సు. ఊడదు, దూరాన్ని దగ్గరికి లాగదు.
మరి దూరంగా ఉన్నవాటికి? అన్నాను.
కాళ్లున్నాయిగా, అన్నాడు.

మొదటి వారమంతా జేబు తడుముకోవడంతోనే సరిపోయింది,
ఎక్కడో పారేసుకున్నానని.
రేవులో చేపల బల్లల చుట్టూ పెలికన్లు
అప్పులవాళ్లలా నిలబడి ఉంటాయి.
ఇదివరకైతే ఒక్క కన్నే, చుట్టూ ఉన్న రంగు ముడతతో సహా, పట్టేదాన్ని.
ఇప్పుడు ఫ్రేములో పక్షి వేలెడంత.
చోటు దొరికింది కదా అని రేవంతా వచ్చి కూర్చుంది:
రబ్బరు బూట్లు, గొట్టం నీళ్లు,
ఎవరో ఎవరినో తిడుతూ ఎత్తిన చెయ్యి.
నచ్చలేదు. చెరిపేశాను.
మర్నాడు, చెరిపేసినందుకు ఏడుపొచ్చింది.

ఇక దోన్ అబ్దోన్ సంగతి.
కత్తులు సానబడతాడు.
ఒంటి చక్రం బండి, చెక్కతో చేసిన ఈల.
అది మోగితే మా వీధిలో వంటిళ్లన్నీ తలుపులు తీస్తాయి.
పదకొండేళ్లుగా ఆయన్ని తీస్తున్నాను
ఎదుటి గట్టు మీంచి, పొడవాటి లెన్సుతో,
ఆయనకి తెలియకుండా.
ఆ వంగిన వీపు, రవ్వల మధ్య ఆ ధ్యానం!
ఒక బొమ్మ మునిసిపల్ హాలు గోడ కూడా ఎక్కింది.
కింద "తనలో తాను" అని రాయించాను.

మొన్న గురువారం, లెన్సు అందదు కనుక,
నేనే వెళ్లాల్సి వచ్చింది
నూనె, వేడెక్కిన ఇనుము
ముక్కుకి తగిలేంత దగ్గరికి.
తలెత్తి, "ఫిరంగి ఏదీ?" అన్నాడు.
ఏం ఫిరంగి?
"అదే, ఎదురుగా నించుని పేల్చేవారుగా.
మీరు గురిపెట్టినప్పుడల్లా
పొట్ట లోపలికి పీల్చి, నడుం వంచి,
రవ్వలు బాగా లేవాలని కత్తిని గట్టిగా నొక్కేవాణ్ణి.
ఎవరెవరి కత్తులు ఎంతెంత అరిగాయో, పాపం!"

పదకొండేళ్లు.
కళ్లు మూసుకుని పాలు తాగిన పిల్లిని నేను.
ఒక కన్నే మూసుకున్నాను, అంతే తేడా.

జేబులోది తీసి చూపించాను.
"ఇదా? మా మనవరాలికుంది ఇలాంటిదే,
నొక్కితే సబ్బు బుడగలొస్తాయి."
దాని ముందు ఊపిరి బిగబట్టలేదాయన.
గుండీల మధ్య నుంచి పొట్ట హాయిగా బయటికొచ్చింది.
ఇంతలో చక్రం బెల్టు జారితే
"కాస్త పట్టుకోండి సెన్యోరా" అని
సగం సానబట్టిన మాంసం కత్తి నా చేతిలో పెట్టాడు.
రెండో చేతిలో కెమెరా.
చూడకుండానే నొక్కాను.

వచ్చింది: వంకర పోయిన వీధి, ఆయన చెవి,
కత్తి అంచున రెండు ముక్కలైన నా ముఖం.
బాగుందో లేదో తెలీదు.
కింద ఏం రాయించాలో అసలే తెలీదు.

ఇంటికి మెట్లెక్కుతుంటే
పైనుంచి దిగుతున్న పొరుగింటి ఒదిలియా
"ఏమైంది, ఒరిగి నడుస్తున్నావు?" అంది.
చూసుకున్నాను.
ఎడమ భుజం కిందికే ఉంది ఇంకా.
కుడి చెయ్యి దానంతటదే వెళ్లి
లేని పట్టీని పైకి సర్దింది.