రెండు ప్రతులు

సోమవారం.
హనుమకొండ కలెక్టరేటు గోడవార
నా టేబులు, నా గొడుగు, రెండు మడత కుర్చీలు.
అర్జీకి ముప్పై రూపాయలు.
కాయిదం నాదే,
కోపం మాత్రం ఎవలిది వాళ్లు తెచ్చుకోవాలె.

గాదం ఓదెమ్మ వచ్చేటాళ్లకు పదిన్నర.
చీర మీద మోకాలి దాకా
ఎండిన బురద అంచు.
మాట కన్నా ముందు కొలత తెచ్చింది.
"తుమ్మలొర్రె మీద మోరి కొట్టుకపోయింది సారూ,
పోయిన వానకాలం కాదు, దాని ముందుటిది."

గౌరవనీయులైన, అని రాసిన.
పెన్ను ఆగింది.
ఎవలకు?

మండలం కమలాపూర్ అన్నది.
జిల్లా?
"మొదలు కరీంనగర్.
ఓ దసరా నాడు లేచి చూస్తే వరంగల్ అర్బన్ అన్నరు,
బోర్డు రంగు ఆరకముందే హనుమకొండ అన్నరు.
నేనైతే ఆ గడపల్నే ఉన్న,
ఎటూ కదల్లే."

నియోజకవర్గం?
"ఓటా? అది ఇంకా హుజూరాబాదే.
ఇల్లు ఇటొచ్చింది, ఓటు అటే ఉండిపాయె,
తల్లిగారింట్ల మరిచొచ్చిన పెట్టె లెక్క."

ఇరవై రెండేండ్ల సంది రాస్తున్న.
జిల్లా గీత ఒకలు గీసిన్రు,
ఓటు గీత ఇంకొకలు,
వేరే యేడు, వేరే గదిల,
వేరే జనాభా లెక్కలు ముందటేసుకొని.
ఒక గీత కలెక్టరును కూసోబెట్టింది,
ఒక గీత ఎమ్మెల్యేను నిలబెట్టింది.
ఒకదాని మీద ఒకటి సరిగ్గ పడ్డ కాడ
ఊర్లు నిమ్మళంగ పండుకుంటయి.
పడని కాడ మోరీలు కొట్టుకపోతయి.

"అక్కడికి పోతే పైసలున్నయి,
ఇంజనీరు హనుమకొండల ఉంటడు పో అన్నరు.
ఇంజనీరు కాడికొస్తే
ఎమ్మెల్యే చిట్టీ తెమ్మన్నడు.
ఆడోళ్లకు బస్సు ఫిరీ కాబట్టి సరిపాయె,
లేకుంటె మోరి కన్న కిరాయే ఎక్కువైతుండె."

నేను నవ్విన.
ఆమె నవ్వలేదు.
కండ్లద్దాలు తుడుసుకున్న, ఊకెనే.

"ఒక్కటి అడుగుత సారూ.
అసెంబ్లీల ఆయన లేచి నిలబడితే
ఎవల తరఫున నిలబడ్డట్టు?"
నియోజకవర్గం తరఫున.
"అంటే?"
అంటే... గీత లోపటున్నోళ్ల తరఫున.
"ఒర్రెనే గీతనాయె.
ఇవతలి ఒడ్డు ఈయనది,
అవతలి ఒడ్డు ఇంకొకాయనది.
నీళ్లు వచ్చినప్పుడు
మా మనవరాలు నడిమిట్ల ఉంటది,
బడి సంచి నెత్తి మీద పెట్టుకొని."

ఈ మాటను అర్జీ భాషల ఎట్ల రాయాలె?
'ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుచున్నారు' అని రాసిన.
ఇరవై రెండేండ్లుగ అదే రాస్తున్న,
ప్రతి మోరికి, ప్రతి బోరుకు.
కొట్టేసిన.
'పిల్ల నడుమ దాకా నీళ్లల్ల నిలబడుచున్నది' అని రాసిన.

కార్బను పెట్టిన, రెండు ప్రతులు.
కింది కాయిదం మీద అక్షరం పలచబడుతది,
ఎంత ఒత్తి రాసినా.
ముదురుది ఎవలకియ్యాలె, కలెక్టరుకా?

ఓదెమ్మ ఆలోచన చేయలే.
"కలెక్టరు సారు బదిలీ అయితడు.
ఓటుకు వచ్చేటాయన మళ్ల మా గడపకు రావాలె.
ముదురుది ఆయనకియ్యి."

ఏలిముద్ర డబ్బా జరిపిన.
వద్దన్నది.
రాత్రి బడిల నేర్చుకున్న దస్కతు,
నేను కొట్టిన గీత మీద మొదలై
పేరు అయిపోయేటాళ్లకు
గీతను దాటి పైకెక్కింది.
రెండో కాయిదం మీద మళ్ల మొదటి నుంచి,
అంతే నిదానంగ.

అరువై తీసి పెట్టింది.
ముప్పై వాపసిచ్చిన.
"రెండు రాసినవు గద," అన్నది.
ఊరు ఒక్కటే గదమ్మా అన్న.

పోయింది.
కుర్చీ కింద ఒర్రె మట్టి రాలి ఉన్నది.
ఊడ్వబోయి చీపురు పట్టుకునే సరికి
ఇంకొకాయన వచ్చి
దాని మీద కాళ్లు పెట్టి కూసున్నడు.
పింఛను ఆగిందట.
మండలం అడిగిన.